నలభై ఒకటో సీసా

సోహార్‌లో రాత్రి రెండున్నర.
రేవు క్రేన్ల ఎర్ర దీపాలు
ఐసీయూ కిటికీలో ఆరి వెలుగుతున్నాయి.
ఏడో మంచం మీద భూమన్న.
అరికాల్లో ఇనప చువ్వ దిగితే
పేలిక చుట్టుకుని పది రోజులు పనికెళ్ళాడు.
ఇప్పుడు బీపీ అరవై దాటదు.
గోళ్ళు నేరేడుపండు రంగు.

ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకోవడం
ఉత్త సామెత అనుకునేదాన్ని.
ఒళ్ళు ఒళ్ళంతా అదే పని చేయడం
ఇక్కడికొచ్చాక చూశాను.

ఆ మంట చెయ్యి పట్టుకుని ఆపే యాంటీబాడీ అట.
ఫ్రిజ్‌లో సీసాలు, సీసాల మీద అంకెలు.
సగం వాటిలో మందు, సగం వాటిలో ఉప్పునీళ్ళు.
ఏది ఏదో డాక్టర్ హిలాల్‌కి తెలీదు, నాకు తెలీదు.
తెలిసిన కంప్యూటర్ ఏ దేశంలోనో ఉంది,
నోరు విప్పదు.

సంతకం చేయాల్సినవాడి నోట్లో గొట్టం.
అందుకని కోరుట్లకి ఫోన్.
అక్కడ తెల్లారుజాము నాలుగు.
నర్సవ్వ ఒక్క రింగుకే ఎత్తింది.

పద్నాలుగు పేజీల ఇంగ్లీషుని
నా పిఠాపురం తెలుగులోకి దించి,
అది ఆమె తెలుగులోకి దిగేదాకా ఆగాను.
వెనకాల తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు
ఆగిపోయింది.

“మందో నీళ్ళో నీకు గూడ తెల్వదా బిడ్డా?”
“తెలీదమ్మా. చీటీ తీసినట్టే.”

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, నవ్విందో ఏమో,
“ఈయన వీసా గూడ గట్లనే తెచ్చిండు.
రెండు లచ్చలు పోసినం.
అండ్ల కంపెనీ ఉందో ఉత్త కాయితమో
విమానం దిగినంక గాని తెల్వలే.
గిది గూడ ఎక్కియ్యుండ్రి.”

నలభై ఒకటో సీసా వేలాడదీశాను.
నీళ్ళ రంగు. మందైనా అదే రంగట.
గంట గంటకీ రాశాను: బీపీ, మూత్రం, లాక్టేట్.
ఆశకి ఆ కాగితంలో గడి లేదు.

ఇరవై ఎనిమిదో రోజు ఒకటే ప్రశ్న:
బతికి ఉన్నాడా?
భూమన్నకి అవునని టిక్కు.
మూడు కాలివేళ్ళు పోయిన సంగతి వేరే పేజీ.
ఆరో మంచం ఆలమ్‌గీర్‌కి, నలభయ్యో సీసాకి,
టిక్కు రెండో గడిలో పడింది.
చిట్టగాంగ్ నుంచి తమ్ముడు అడిగాడు,
నీళ్ళేనా ఇచ్చారు?
లెక్కలు విప్పడానికి ఇంకా రెండేళ్ళని
వచ్చీరాని హిందీలో చెప్పాను.

నిన్న నర్సవ్వ మళ్ళీ చేసింది.
మొగుడి ఊసు ఎత్తలేదు.
“పక్క మంచపాయనకు పడ్డయి నీళ్ళేనా బిడ్డా?
మావోనికొచ్చిన చీటీ
ఆయనది గాదు గదా?”

ఫ్రిజ్ తలుపు సగం తెరిచి ఉంది నా చేతిలో.
చలి మోచేతిదాకా వచ్చింది.
నలభై రెండు కోసం వెతుకుతున్నాను.