ఇరవై నాలుగో వంతు

పగలు నా పని నలిగిన కార్లు చూడ్డం.
రణస్థలం దగ్గర్నుంచి క్రేను తెచ్చి దించిన డిజైరు,
ఎచ్చెర్ల మలుపులో లారీ కిందకి దూరిన బొలెరో.
దాలినాయుడు షెడ్డులో వంగి, పడుకుని, టార్చి వేసి
ఫొటోలు తీస్తాను.
రేకుకి ఇంత, అద్దానికి ఇంత,
తరుగు పోను ఇంత అని రాసి
సంతకం కింద ముద్ర కొడతాను.
"ఇంజను బాగానే ఉన్నాది సార్" అంటాడు దాలినాయుడు.
ఎప్పుడూ ఇంజను గురించే అంటాడు.
సీటు మీద ఏముందో
ఇద్దరం చూసీ చూడనట్టుంటాం.

రాత్రి, డే అండ్ నైట్ జంక్షన్‌లో
ఆఖరి టీ బండి కూడా స్టవ్ ఆర్పేశాక
భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి
అట్టపెట్టె మూత తీస్తాను.
ప్లాస్టిక్ చట్రానికి కాయల్లా వేలాడుతూ
ఒక కారు మొత్తం.
శనగగింజంత హెడ్‌లైట్లు,
వడ్లగింజంత వెనకద్దం,
నూట ఆరు ముక్కలు, ఒక్కటీ నలగలేదు.

తుంచకూడదు.
తొడిమ దగ్గర పిసరంత వదిలి కొయ్యాలి,
ఆ పిసరుని గరుకు కాయితంతో అరగదియ్యాలి,
తడిపి, మళ్ళీ, ఇంకా నున్నటి కాయితంతో.
జిగురు ఎక్కువైతే అద్దానికి పొగ పడుతుంది,
ఆ పొగ ఇక ఈ జన్మకి పోదు.
అన్నం తిన్నాక గంటసేపు నా చెయ్యి వణకదు.
ఆ గంటే నాది.

"పెళ్ళిచూపులప్పుడు ఈ సంగతి చెప్పలేదు మీవోళ్ళు"
అంది హేమసుందరి మొదట్లో.
ఆమె గోళ్ళరంగు ఒక సీసా బంపరుకి ఖర్చయింది.
అటక మీద, ఆవకాయ జాడీల వెనక
ఇంకా విప్పని పెట్టెలు పదిహేడు.
ఆమెకి పదకొండని చెప్పాను.
దసరాకి అటక దులిపేది ఆమే,
లెక్క ఆమెకి తెలుసు, అయినా అడగదు.
అన్నీ కట్టడానికే కొన్నానా అంటే, ఏమో.
ఇంకా ఏమీ జరగని కార్లు కొన్ని
ఇంట్లో ఉండాలనిపిస్తుంది.

ఒకసారి, అచ్చం నిజంలా ఉండాలని
నాగావళి ఇసక చిటికెడు తెచ్చి టైర్ల ముందు చల్లాను.
రేణువు రేణువూ బండరాయైపోయింది.
బానెట్ మీద నీటిబొట్టు వేస్తే
బోర్లించిన బిందెలా కూర్చుంది, జారలేదు.
కారుని చిన్నది చెయ్యగలిగారు గాని
ఇసకనీ నీళ్ళనీ ఎవడు చేస్తాడు?
చివరికి ఆమె పౌడరులో అగరుబత్తి బూడిద కలిపి
కుంచెతో అద్దితే
లావేరు రోడ్డు దుమ్ము కుదిరింది.

నంబరు ప్లేటు మాత్రం ఖాళీ.
సూదిమొనతో ఏ నాలుగంకెలు రాయబోయినా
ఏదో ఒక ఫైలు మీద చూసినట్టే ఉంటుంది.

ఇంకొకటి కూడా వదిలేస్తాను.
పెట్టెలో వచ్చే డ్రైవరు బొమ్మ,
మోకాళ్ళు కాస్త వంచి, ఒక చెయ్యి ముందుకి చాపి.
అతన్ని చట్రం నుంచి కొయ్యను.
తొమ్మిది కార్లు కట్టాను,
తొమ్మిదింట్లోనూ సీట్లు శుభ్రం.

వేసవి సెలవులకి ఆమదాలవలస నుంచి
మేనకోడలు లిఖిత వచ్చింది. ఆరేళ్ళది.
అద్దాల బీరువాకి ముక్కు ఆనించి
"మావయ్యా, ఎవరూ లేకండా ఎలగ నడుస్తాయివి?" అంది.
రంగు ఆరాలమ్మా అన్నాను. జిగురు చాలలేదన్నాను.
అబద్ధం చెప్పడం నాకు రాదు,
రిపోర్టులు రాసే చెయ్యి కదా.

మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి
బొమ్మని పుటుక్కున విరిచేసింది.
మెడ దగ్గర తొడిమ అలాగే ఉంది, గరుకుగా.
కార్లో పెట్టలేదు.
పక్కనే, పేపరు మీద,
అగ్గిపెట్టెకి ఆనించి నిలబెట్టింది.

"ఇతనేటి ఇక్కడున్నాడు?"

"టీకి దిగాడు" అంది,
ఇంత తెలీదా అన్నట్టు.

చాచిన ఆ చెయ్యి
స్టీరింగు కోసమనుకున్నాను ఇన్నాళ్ళూ.
గ్లాసుకి కూడా సరిపోతుంది.

తెల్లారి అయిదింటికి దాలినాయుడు ఫోను.
చొక్కా వేసుకుంటూ బీరువా వైపు చూశాను.
అతనింకా అక్కడే ఉన్నాడు,
బూట్ల మీద కాస్త పౌడరుతో.