హ్యావ్ ఉంటదా?

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
జిరాక్సు దుకాణం మీది అర్రల
రాత్రి ఏడున్నరకు నా ఇంగ్లీషు.
ఒక్కటే ఫ్యాను. అది తిరిగితే ట్యూబులైటు కొట్టుకుంటది.

కానిస్టేబులు పరీక్షకు మూడోపారి కూసునే హోంగార్డు జంగయ్య,
ఆశా వర్కరు పారిజాత,
మేకల బేరగాడు ఖాజామియా,
నల్లగొండ ట్రిప్పు దిగి, మిషను డిపోల అప్పజెప్పి
మీది గుండీ ఇప్పుకుంట మెట్లెక్కే కండక్టరు సైదులు.
ఇంకో అయిదుగురు.

ఇయ్యాల బోర్డు మీద
షుడ్ హ్యావ్, కుడ్ హ్యావ్, వుడ్ హ్యావ్, మస్ట్ హ్యావ్.

వీళ్లకు కొత్తేం గాదు.
"చెప్తే వస్తుంటి గదా" అంటరు, అది వుడ్ హ్యావ్.
"జర ఆగితే దొరుకుతుండె", కుడ్ హ్యావ్.
"తినే ఉంటడు తియ్", మస్ట్ హ్యావ్,
పొయ్యి ఆర్పేటప్పుడు అనే మాట.
"పోవాల్సుండె", షుడ్ హ్యావ్.
సావు జరిగిన ఇంటి ముంగట
చెప్పులు ఇడ్వకుండ నిలబడి అనే మాట.

పారిజాత చెయ్యి లేపింది.
"హ్యావ్ అంటే ఉండుడని మొదటి దినం చెప్పిండ్రు.
ఐ హ్యావ్ ఎ పెన్. నాకు పెన్నున్నది.
ఐ షుడ్ హ్యావ్ గాన్.
పోనే పోలేదు గద సార్, మరి ఏమున్నది?"

సాక్‌పీసు ఏళ్ల నడుమ తిప్పిన.
ఇరవై రెండేండ్ల సంది చెప్తున్న, ఎవ్వలడగలే.
రూలు అంతేనమ్మా అన్న.
రూలు అంతే అనేటోడు మాస్టరు గాదు,
గేటుకాడ వాచ్‌మెను.

మీ సొంత ముచ్చట ఒక్కటి, ఒక్క లైనుల రాయుండ్రి.

ఖాజామియా మేకపోతు తొమ్మిది వేలకు పోతుండెనట,
బక్రీదు తెల్లారి ఏడింటికే ఇచ్చుకున్నడు.
జంగయ్యకు చందంపేటల వాన పడి ఉండొచ్చు.
పారిజాత "షుడ్ ఆఫ్" అని రాసింది.
సెల్లుల అట్లనే ఇనబడుతదంట.

సైదులు రాసింది:
ఐ మస్ట్ హ్యావ్ స్టాప్‌డ్ ది బస్.

ఎర్రపెన్ను మూత తీసిన.
మస్ట్ గాదయ్యా, షుడ్.
మస్ట్ అంటే ఆపే ఉంటవు అని.
ఆపినవా?

పోయిన శ్రావణం, కొండమల్లేపల్లి, ఆఖరి ట్రిప్పు.
క్యారేజి సంచి పట్టుకొని ఒకామె ఉరికొస్తున్నదట.
డ్రైవరు అద్దంల చూసి ఈయన దిక్కు చూసిండట.
ఈయన రైట్ రైట్ అన్నడట.
"ఏడు నిమిషాలు లేటున్నం సార్."
తర్వాత?
"తెల్వది. ఏం గాలేదు కావచ్చు. ఆటోల పోయే ఉంటది."

ఆ ఆఖరి రెండు మాటలల్ల గ్రామరు తప్పు లేదు.

పెన్ను ఆ లైను మీద నిలబడ్డది.
తప్పు రాసిన లైనుల బస్సు ఆగింది.
ఆమె ఎక్కింది, కొంగుతోని మొకం తుడుసుకున్నది,
చిల్లర లేదన్నది,
సైదులు గునుక్కుంటనే టికెట్టు కొట్టిండు,
ముంగటి సీట్ల ఎవరో సంచి ఒళ్లె పెట్టుకున్నరు.
నేను దిద్దిన్నంటే
ఆమె మళ్ల రోడ్డు మీదనే.

ఈ రాత్రికి ఉండనీ అనుకున్న.
రేపు దిద్దితే ఏం మునుగుతది.

ఆయన్నే నా చేతులకెళ్లి నోటుబుక్కు గుంజుకున్నడు.
మస్ట్ కొట్టేసిండు, ఒక్కటే గీత.
షుడ్ రాసిండు. ఎల్ మర్సి, మళ్ల సందుల ఇరికిచ్చిండు.
కింద అచ్చంపేట బస్సు వెనక్కి తీస్తున్నరు,
రానీ రానీ అని ఎవరో డబ్బ చరుస్తున్నరు.

సైదులు తల ఎత్తకుండ అడిగిండు:
"హ్యావ్ ఉంటదా సార్?"

పారిజాత నా దిక్కు చూసింది.

ఉంటది.