దొంగ తూము

మొదట నిమ్మకాయంత అన్నారు.
పైయేడు బత్తాయంత.
ఈసారి స్కానింగు అమ్మాయి
ఏ కాయ పేరూ చెప్పకుండా
కాగితం మడిచి చేతిలో పెట్టింది.

"తీయించేసుకో, పీడ వదులుద్ది"
డిపోలో తులశమ్మ మాట.
ముప్పై రెండేళ్లకే తీయించుకుంది తులశమ్మ.
వాళ్ళ వీధిలో పదకొండుమంది
పిప్పిపన్ను పీకించుకున్నట్టు
ఒకరి వెనక ఒకరు.
నాకు చెప్తూ చెప్తూనే
వే బిల్లుతో విసురుకుంటోంది, మాఘమాసంలో.
ఆ విసురుకోవడం దగ్గర ఆగిపోయాను.

బస్టాండు నుంచి ఉయ్యూరు,
ఉయ్యూరు నుంచి బస్టాండు.
ఎన్ని మడతలు పెట్టుకున్నా
పెనమలూరు దాటేసరికి తెలిసిపోయేది.
"కూర్చో కండక్టరమ్మా" అని ఎవరైనా జరిగితే
సీటుకి భయపడేదాన్ని.
ఒకనాడు డ్రైవరు మస్తాన్
ఏమీ అడక్కుండా
కంకిపాడు మందుల షాపు ముందు బస్సాపి
నేను తిరిగొచ్చేదాకా
బాగున్న టైరుని తన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఒంట్లో రక్తం ఆరు పాయింట్లు.
మిషన్లో రోలు అయిపోయేముందు
కాగితం అంచున ఎర్రగీత పడుతుందే, అలా.

సూర్యారావుపేటలో డాక్టర్ రెహానా
చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసింది.
"ఇది సంచి. ఇది గడ్డ.
గడ్డకి మేత ఈ రెండు దారుల్లో వస్తుంది.
కొయ్యం. ఇసకలాంటిది వదిలి దారి మూస్తాం.
అందరికీ కుదరదు,
కొందరికి చిన్న కంతల్లోంచి గడ్డొక్కటే తీస్తాం,
కొందరికి సంచి తీయక తప్పదు.
నీకు కుదురుద్ది."

నవ్వొచ్చింది. ఆవిడకి అర్థం కాలేదు.
మా నాన్న యేసోబు
బందరు కాలవ మీద లస్కరు.
ఎవరో రాత్రికి రాత్రి గట్టుకి కన్నం కొట్టి
చేపల చెరువుకి నీళ్ళు తోడుకుంటుంటే
లాంతరు నా చేతికిచ్చి
మొలలోతు దిగి
ఇసక బస్తాలతో దొంగ తూము పూడ్చాడు.
తెల్లారి కాలవ కాలవలాగే పారింది.
చెరువు మాత్రం
రోజుకో జానెడు దిగింది.

ఎడమ చేతి గాజులు తీయించారు.
మణికట్టు దగ్గర
చీమ కుట్టినంత.
మెలకువగానే ఉన్నాను.
తెర మీద నా లోపలి ఏరు
సముద్రం ముందు చీలినట్టు పాయలు పాయలుగా,
నల్లగా.
చూస్తుండగానే ఒక పాయ లేదు.
కాసేపటికి ఇంకోటి.

ఆ రాత్రి సంగతి కూడా చెప్పాలి.
నీళ్ళు కట్టేసిన చెరువు ఊరుకోదు.
జ్వరం, వాంతి,
పొత్తికడుపులో ఎవరో గుడ్డ పిండుతున్నట్టు.
నర్సు సంపూర్ణ చేతి మీద
నా గోళ్ళు నాలుగూ దిగాయి.
"దిగనీ అక్కా" అంది.

మూడు నెలలు.
గడ్డ పోలేదు, తగ్గింది.
బత్తాయి మళ్ళీ నిమ్మకాయ వైపు నడుస్తోంది.
నిన్న పెనమలూరు దాటాక
కండక్టరు సీట్లో కూర్చున్నాను.
కిటికీలో కాలవ. కూర్చునే ఉన్నాను
కంకిపాడు దాకా, గొప్పగా.

డిపోలో తులశమ్మ అడిగింది:
"ఏదీ, కుట్లు చూపించు."
చెయ్యి చాపాను.
కళ్ళజోడు పెట్టుకుని వెతికింది,
బొటనవేలితో తడిమింది.
నాడి కొట్టుకోవడం తప్ప
ఏమీ దొరకలేదు.
చాలాసేపు చెయ్యి వదల్లేదు.
"మాకు," అంది చివరికి,
"చీటీ వెనక్కి తిప్పినోళ్ళే లేరే."