తొడిమ

"బిడ్డని పట్టుకోమ్మా" అంటే
చేతులు వెనక్కి దాచుకున్నాను.

పెరుగుతో కడిగాను, చింతపండుతో రుద్దాను,
కొబ్బరినూనె పట్టించి రాత్రంతా
పాతగుడ్డలో చుట్టుకు పడుకున్నాను.
అయినా ఈ గుంటూరు పెద్దాసుపత్రి మంచం మీద
నా గోళ్ళ సందుల్లో
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ మండుతూనే ఉంది.
ఎనిమిదో నెల దాకా తొడిమలు తీసిన చేతులివి.
కళ్ళు నలుపుకోవటమే మర్చిపోయిన చేతులు.

ఎస్తేరు సిస్టరు వినలేదు.
"కిలో ఎనిమిదొందలే ఉన్నాడు.
గుండెకి ఆనించుకో, నీ వేడే వాడికి మందు."
వాడిని నా రొమ్ముల మధ్య బోర్లా పెట్టి
పైన చీర బిగించి కట్టింది.

నలభై కిలోల టిక్కీని చూపుతోనే తూచేదాన్ని.
ఈ బరువు మాత్రం అందలేదు.
ఉన్నాడా లేడా అని
ఊపిరి బిగబట్టి వింటే
నా గుండె మీద ఇంకో గుండె,
తరుముతున్న పిట్టలాగా.

మూడు రోజులు మోచేతులతోనే పట్టుకున్నాను.
పక్క మంచం దగ్గర మస్తానమ్మత్త
"దిష్టి తీయటానికి వేరే మిరపకాయలెందుకే,
నీ చేతులు చాలవూ" అంది.
నవ్వాను. కుట్లు లాగాయి.
ఎందుకో ఏడ్చాను కూడా.

నాలుగో రోజు గుడ్డ మారుస్తుంటే
బొడ్డు దగ్గర నల్లగా, ముడుచుకుని,
అచ్చం తొడిమ.
అలవాటు. వేలూ బొటనవేలూ వాటంతటవే దగ్గరికొచ్చాయి.
"లాగకు! ఎండితే అదే రాలుద్ది."
ఆగాను.
కిలోకింత అని లెక్కేసుకుని లాగిన వేళ్ళని
ఆగమన్నవాళ్ళు ఇన్నాళ్ళకి ఒకరు.

నేను తాగిన గంజి, మింగిన కోరు,
వాళ్ళ నాన్న మీద కోపం,
నడిరాత్రి పలికిన దేవుళ్ళందరి పేర్లూ
ఇందులోంచేగా వాడికి చేరాయి.
తెగిన చోటు వాడికి కనబడుద్ది.
నాకు కనబడదు, అంతే తేడా.

సాయంత్రం గాలి తిరిగింది.
యార్డులో మూటలు దులుపుతున్నారో ఏమో
వార్డంతా ఒకటే కోరు.
నాకు తుమ్మొచ్చింది.
వాడికీ.
ఇంతే ముక్కు, అంత తుమ్ము!
"చిరంజీవ" అనేలోపే
నా చూపుడువేలు వాడి పిడికిట్లో ఉంది.

విడిపించుకోబోయాను. వదల్లేదు.
ఇప్పుడేడుస్తాడు, ఇప్పుడేడుస్తాడు అని చూశాను.
ఎనిమిది నెలలు నాతోపాటే పనికొచ్చినోడు,
ఏడవలేదు.