సుద్దగీత

కరెంటు పోయినందుకు కాదు,
వచ్చినందుకు వచ్చింది వరద.

పోయినేడు కార్తీకంలో, రాత్రి మూడింటికి
గుజరాతీపేట మేడ మీద
నా మొదటి సముద్రం అంచు దాటింది.
తొట్టికి కొక్కెంలా తగిలించిన డబ్బా ఒకటి
వంపు గొట్టంతో నీటిని పీల్చి కిందికి దించేది.
కరెంటు పోగానే దాని ఊపిరి తెగింది.
కరెంటు రాగానే మోటారు మాత్రం లేచి
ఏమీ ఎరగనట్టు
కింది నీళ్లన్నీ పైకి తోడింది.
దిగే దారి లేని నీళ్లు
నా చాప మీదుగా, గడప మీదుగా
స్లాబు పగులు వెతుక్కుని
దాలినాయుడి టైలరు షాపులోకి దిగాయి.

పొద్దున్న ఆయన ఏమీ అనలేదు.
ముహూర్తం జాకెట్టు ఒకటి ఎత్తి చూపించాడు.
మెరూన్ పట్టు మీద ఆరిన ఉప్పు,
తెల్లగా, ఏ దేశానిదో పటంలా.
ఉతికితే పోతుందా అన్నాను.
"సముద్రం కదమ్మా" అన్నాడు, అంతే.

జాకెట్టు డబ్బులిచ్చాను.
చేపల్ని కొట్టువాడికే అప్పజెప్పాను.
ఎనిమిది నెలలు ఆ మూల ఖాళీ.
ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ దిగి వచ్చి
చెప్పులు విప్పుతూ అటే చూసేదాన్ని.

ఈసారి దాలినాయుణ్నే తోడు రమ్మన్నాను.
మెడలో టేపుతోనే వచ్చాడు.

ఏడు రోడ్ల జంక్షన్ అవతలి కొట్టులో
కుర్రాడు చేపల్ని చూపిస్తున్నాడు:
నారింజ చారలవి, పసుపు తోకది,
రాయిలా నటించేది ఒకటి.
నేనూ, ఒప్పుకుంటున్నాను, రంగులే చూస్తున్నాను.
నాయుడు వంగి తొట్టి అడుగు చూస్తున్నాడు.
"కరెంటు పోతే ఈ నీరు ఎక్కడికెల్తాది బాబూ?"
కుర్రాడు లైటు రంగు మార్చి చూపించాడు.
"అది కాదు. ఎక్కడికెల్తాది?"

మూడో ఆదివారం, విజయనగరం కోట వెనక సందులో
జవాబు తెలిసిన మనిషి దొరికింది, రజియా బీ.
అద్దానికే చిల్లులు పెట్టిన తొట్టి.
దువ్వెన పళ్ల గోడ దాటిన నీళ్లే కిందికి పోతాయి.
ఒక గొట్టంలో నత్త దూరి కూచుంటే
పక్కనే రెండోది, ఏ పనీ లేకుండా, ఎదురుచూస్తూ.
పైకి పోసే గొట్టానికి నీటి అంచున సన్నటి బెజ్జం,
మోటారు ఆగగానే గాలి పీల్చి
వెనక్కి జారే నీటిని తెంపడానికి.
నాయుడు ఆ బెజ్జంలోకి చూసి మొదటిసారి నవ్వాడు.
"దారం తెంపినట్టు."

కింది తొట్టి దగ్గర మాత్రం ఆవిడకే పాఠం చెప్పాడు:
"కుట్టులోన గుడ్డ ఒగ్గుతాం గదా,
మనిసి రేపు లావెక్కుతాదని.
అలాగ ఇందులో కాళీ ఒగ్గాల.
నిండుగుంటే అందమే. నిండుగుంటేనే పిగులుతాది."
జేబులోంచి సుద్దముక్క తీసి అద్దం మీద గీశాడు.

ఉప్పు బకెట్టు మోసుకొస్తుంటే
మెట్ల దగ్గర ఎండుచేపల తవిటమ్మ ఆపింది.
"బస్సెక్కితే కళింగపట్నం.
ఉప్పు కొని సముద్రం సేత్తన్నావేటమ్మా!"
జవాబు తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదు.

చేపలు రాని మొదటి రాత్రి
దాలినాయుణ్ని పైకి పిలిచి మెయిన్ నేనే దించాను.
చీకటి.
నీళ్లు దిగుతున్న చప్పుడు,
ఎక్కడ ఆగుతాయో చెప్పకుండా.
సెల్‌ఫోన్ వెలుగులో గీతకు నాలుగు వేళ్లు. మూడు.
ఇద్దరం మోకాళ్ల మీద.
కిటికీ అవతల నాగావళి
ఎవరినీ అడక్కుండా పోతోంది.
రెండు వేళ్ల దగ్గర, గుటక వేసినట్టు ఒక శబ్దం.
బెజ్జం గాలి పీల్చింది.
నీరు నిలిచింది.

మెయిన్ మళ్లీ ఎత్తాను. అసలు పరీక్ష అదే కదా.
ఎక్కిన నీళ్లు ఎక్కినన్నీ దిగాయి.
పదిసార్లు చేశాం.
పదకొండోసారి ఆయన టీ అడిగాడు.

ఇప్పుడు రెండు నారింజ చేపలున్నాయి.
వానాకాలం. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోతోంది,
నాలుగుసార్లూ వస్తోంది.
గీత చెరగలేదు.

కింద, సరిగ్గా ఆ మూల కింద,
పెళ్లి జాకెట్లు తగిలించే మేకులు
అటు గోడకు మారినవి మళ్లీ ఇటు రాలేదు.
వాటి చోట నేల మీద
ఒక ఖాళీ బకెట్టు ఉంటుంది.
ఎందుకని నేనడగలేదు.