తడారేలోపు

ఆదివారం గాలిమరలకు సెలవు లేదు గానీ
వాటిని నిలబెట్టడానికొచ్చిన చైనా ఇంజనీరమ్మకుండాది.
ఎనక సీట్లో కూర్చోని ఫోనులో ఏందో అనింది.
ఫోను పంతులయ్య గొంతుతో పలికింది:
"దయచేసి నన్ను ఒక ప్రాచీన సరస్సు వద్దకు తీసుకువెళ్ళండి."

సరస్సంట.
మాకుండేది చెరువు. పోరుమామిళ్ల చెరువు.
సరే, పోదాం పా.

దోవలో నా పేరడిగింది. ఓబుళేసు అంటి.
"ఓబూ... లే" అనింది
నిద్దర లేపినట్టు.
ఆమె పేరు నేను పలికితే ఆమె నవ్వె. చెల్లుకు చెల్లు.

కొండకూ కొండకూ ముడేసిన కట్ట.
దాని లోపల కనుచూపు మేర నెర్రెలిచ్చిన మట్టి,
నడిమధ్యన పసరు మడుగు, ఏడెనిమిది బర్రెలు.
నాకు సిగ్గయింది,
చుట్టమొచ్చిన పూట డబ్బాలో బియ్యం లేనట్టు.

ఆమె ఫోనులో వాళ్లూరి చెరువు చూపించింది.
నీళ్లను తాకే కొమ్మలు, వంగిన వంతెన,
గట్టున పార్కులో ఒక ముసలాయన. వాళ్ల జేజినాయనంట.
చీపురంత కుంచె నీళ్లలో ముంచి
నడిచే బండల మీద పద్యం రాస్తాండాడు.
ఆ కొసకు పోయేసరికి ఈ కొస ఆరిపోతాది.
ఇరవై ఏండ్లుగా పొద్దున్నే అదే పని.

నీళ్లతో రాయడమా!
మా అవ్వ ఉంటే వీపు చిట్లేది.
మొగం కడిగిన నీళ్లు బెండచెట్టుకు పోసిన మనిషి.

శాసనం కాడికి తోడకపోయినా.
రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు,
రెండేండ్ల పని అని దాంట్లో ఉందంట,
ఇస్కూలు అయివారు చెప్పినాడు.
ఆరునూరేండ్లు దాటినా గాట్లు చెరగలేదు.
సంస్కృతం. నాకు రాదు, ఫోనుకూ చిక్కలేదు.
ఆమె మాత్రం కండ్లు మూసుకోని
వరస వరసా వేలితో తడిమింది.
ఎండలో అంతసేపు నిలబడే మనిషిని నేను చూడలే.

తిరిగి కట్ట మీదికొచ్చినాక
నా సీసా అడిగి, వేలు తడుపుకోని
తూము రాయి మీద ఒక గుర్తు గీసింది.
నీళ్లనంట దాని అర్థం.
చెప్పేలోపే పాయ.
సీసా నా చేతిలో పెట్టింది.

జానెడు నీళ్లుండాయి. ఇంటికి ఇంకా రెండు గంటల దోవ.
వేలు ముంచినా.
చె రాసినా. రు రాసినా.
వు కొమ్ము తిప్పేలోపు చె ఎండిపాయ.

చప్పట్లు కొట్టింది.
ఎవరు నేర్పిరో, ఫోను తీయకుండానే అనింది:
"మళ్లా."

మడుగులో బర్రెలు తలకాయలెత్తి చూస్తాండాయి.
మూత పెట్టినా.
తీసినా.