ఏకు

పొట్ట చేతబట్టుకోని కోవేటు వచ్చినోడే ఓబులేసు కూడా,
మా అందరి మాదిరే.
లక్కిరెడ్డిపల్లె తట్టు మనిషి. ఫర్వానియా అవతల
ఎవరిదో పద్నాలుగంతస్తుల మేడకు పరంజా కట్టేవాడు.
పైనుంచి ఒక ఇనప మేకు జారింది.
టోపీ పెట్టుకునే ఉన్నాడు. టోపీ పగిలింది.

నేను ఈ ఆస్పత్రిలో రాత్రిపూట నేల తుడిచే మాబున్నీని.
తొమ్మిదేండ్లు ఖద్దామా పని చేసినందుకు
నాకు మిగిలినవి రెండే: అరిగిన మోకాళ్లు, అరబ్బీ.
అందుకే డాక్టర్ నాదిర్
నా చేతిలో మాపు కర్ర తీసి గోడకు ఆనించి
ఫోను నా చెవికి పెట్టినాడు.
"వీళ్లింట్లో వాళ్లకు మీ మాటల్లో చెప్పు."

ఏమని చెప్పేది?
పేగుల మీద ఒక తెర ఉంటుందంట,
కొవ్వుతో అల్లిన జల్లెడ.
కడుపులో యాడ పుండు పడినా, ఎవరూ పిలవకపోయినా
తనే జరిగిపోయి కప్పుకుంటుందంట.
దాని నిండా మూలకణాలంట.
మూలకణమంటే
డాక్టరు ఏదో అన్నాడు. నేను ఆగిపోయినాను.

మా నాయన దూది ఏకేవాడు.
విల్లు తీగ మోగితే గడ్డకట్టిన దూది విడిపోయి
గదంతా తెల్లగా లేచేది.
అప్పుడది పరుపు కాదు, దిండు కాదు, ఒత్తి కాదు.
ఏదైనా కావచ్చు.
"అదమ్మా" అన్నాను ఫోన్లో, "ఏకిన దూది మాదిరి.
ఇంకా ఏమీ కాని కణం."
అవతల రామసుబ్బమ్మ ఊ కొట్టింది.

ఆ తెరను తెంచరంట.
నెత్తురు పారుతుండగానే
రొమ్ము తోలు కింద దారి చేసి, మెడ పక్కనుంచి పైకి లాగి
నలిగిన మెదడు మీద పరుస్తారంట.
పొట్ట చేతబట్టుకోని వచ్చినోడి పొట్టను
తల దాకా నడిపిస్తారు.
ఈ మాట డాక్టరు అనలేదు, నేనే అనుకున్నాను.
ఏకు మేకైందని మనకు సామెతుంది.
మేకు దిగిన చోట ఏకు పెట్టేదానికి
సామెత లేదు.

"నన్ను గుర్తుపడతాడా?"
మా అద్రీ, అన్నాడు డాక్టరు.
కొంతమందికే చేసినారంట ఇంతవరకు.
కొందరిలో ఏదో కదిలిందంట, కొందరిలో ఏమీ లేదంట.
మా అద్రీకి తెలుగు నాకు బాగా తెలుసు.
అయినా నోట్లో పెట్టుకోని కొంచేపు నమిలినాను.
నాలిక కొసన ఒక తియ్యటి అబద్ధం కూడా ఉండింది.
"తెలీదంటమ్మా" అన్నాను.

చాలాసేపు ఫ్యాను చప్పుడు, వాళ్లింట్లోది.
తర్వాత అడిగింది:
"పొట్టలోంచి తీస్తే, మల్ల సంగటి అరుగుతుందా ఆయనకు?"
సంగటిని అరబ్బీలో చెప్పలేక అన్నం అన్నాను.
అరుగుతుందన్నాడు.
"అట్లయితే చెయ్యమను."

ఆ దినం బయట దుమ్ము లేచి కిటికీలన్నీ ఎర్రబడినాయి.
కంపెనీ మనిషి వచ్చి ఓబులేసు కార్డు అడిగి తీసుకోని పోయినాడు.
ఓబులేసును అడగలేదు.

రోజూ రాత్రి రెండింటికి
అతని మంచం కింద తుడుస్తూ తలకట్టు తట్టు చూస్తాను.
లోపలి దూది ఏమి కావాలని తేల్చుకుంటుందో.
కొన్ని రాత్రులు
నాకే ఆ విల్లు మోత వినపడుతుంది,
తీరా చూస్తే గుండె మిషను.

నిన్న అతని కుడిచెయ్యి
దుప్పటిని చిటికెడు చిటికెడుగా పట్టుకుంటా ఉండింది.
పెదాలు కదిలినాయి. వంగి చెవి పెట్టినాను.
పెండ్లాం పేరు కాదు. దేవుని పేరు కాదు.
"పైన ఎవురు?" అన్నాడు.

పరంజా మీద నిలబడి
తల ఎత్తి అడగబోయిన మాట
నలభై ఏడు దినాలకు నోటి దాకా వచ్చినట్టుంది.

డాక్టరును లేపి చెప్పినాను.
అరబ్బీలోకి తిప్పితే అది దువా మాదిరి వినపడింది.
కాదు కాదు అన్నాను, పని మాట, పరంజా మాట.
రాసుకున్నాడు.

తెల్లారినాక రామసుబ్బమ్మకు చెప్పాల్సింది నేనేనంట.
బకెట్లో నీళ్లు ఇంకా మార్చలేదు.